క్లబ్ రేసులు మొదలయ్యాయి, గేటు మాత్రం మనకి తెరవలేదు. ఎవరైనా లోపలికి వెళ్ళగలిగారా?

మూడోగేరు · 11 ఆగస్టు 2020

జూలై 4 నుంచి ఇంగ్లండ్‌లో క్లబ్ రేసులు, అంటే సరదా కోసం సొంత ఖర్చుతో నడిపేవాళ్ళ కారు రేసులు, మళ్ళీ జరుగుతున్నాయి. నెల దాటింది. నేను ఇంతవరకు ఒక్క రేసు కూడా కళ్ళారా చూడలేదు.

మార్చిలో సీజన్ మొదలయ్యే సమయానికే కరోనా వల్ల అన్నీ ఆగిపోయాయి, 23న లాక్‌డౌన్ పెట్టారు. అప్పుడు నాకేం ఫిర్యాదు లేదు, అందరితో పాటే ఇంట్లో కూర్చున్నాను. ఇప్పుడే బాధగా ఉంది. ఒక సర్క్యూట్ సైట్‌లో ప్రేక్షకులకు ప్రవేశం లేదని పెట్టారు. ఇంకోచోట కొద్దిగా ఆన్‌లైన్ టికెట్లు ఇచ్చారట, నేను చూసేసరికి అయిపోయాయి. మూడో చోటికి ఫోన్ చేస్తే "మీరు ఏ డ్రైవర్ తాలూకు?" అని అడిగారు. నేను ఎవరి తాలూకూ కాదండీ, పన్నెండేళ్ళుగా టికెట్ కొనుక్కుని గట్టు మీద నిలబడి చూసేవాణ్ణి అన్నాను. అయితే కుదరదన్నారు.

ఆ ఒక్క మాట మనసులో ఉండిపోయింది. ఫార్ములా వన్ గ్రాండ్ ప్రి సంగతి వేరు, సిల్వర్‌స్టోన్‌లో వరసగా రెండు ఆదివారాలు ఖాళీ స్టాండ్ల ముందే నడిపారు, హామిల్టన్ పంక్చరైన టైరుతో గెలవడం టీవీలోనే చూశాం, సరే. లక్ష మంది వచ్చే చోట జనాన్ని రానివ్వకపోతే అర్థముంది. క్లబ్ రేసుకి వచ్చేది కొన్ని వందల మంది, నిలబడేది మైళ్ళ పొడవున్న గడ్డి గట్ల మీద, మనిషికీ మనిషికీ మధ్య క్రికెట్ పిచ్ వేయొచ్చు. ఇదే ఆగస్టులో సోమ, మంగళ, బుధవారాల్లో హోటల్‌కి వెళ్ళి తినండి, సగం బిల్లు మేం కడతాం అని ప్రభుత్వమే పిలుస్తోంది. నాలుగు గోడల మధ్య కూర్చుని తింటే పర్వాలేదు కానీ గాలిలో నిలబడి చూస్తే తప్పా?

ఎవరైనా వెళ్ళారా? ఎక్కడ రానిస్తున్నారు, లోపల ఎలా ఉంది, చెప్పండి.

కంచె_పక్కన · 11 ఆగస్టు 2020

నేను టికెట్ లేకుండానే చూశాను అన్నా. ట్రాక్ వెనకవైపు పొలాల మధ్య కాలిదారి ఉంటుంది, అక్కడ మెట్ట మీద నిలబడితే ఒక మలుపు పూర్తిగా కనిపిస్తుంది. పదిమంది దాకా ఉన్నాం. మడత కుర్చీలు, ఫ్లాస్కులు, అంతా హాయిగా గడిచింది.

ఆరెంజ్_సూట్ · 11 ఆగస్టు 2020

@కంచె_పక్కన ఆ పని మాత్రం చేయకండి, దయచేసి. నేను మార్షల్‌ని, ట్రాక్ పక్కన జెండాలు పట్టుకుని భద్రత చూసే వాలంటీర్‌ని. పోయిన వారం మా పోస్టు (మేం కాపలా నిలబడే చోటు) వెనక కూడా ఇలాగే జనం చేరారు. మొదట నలుగురు, మధ్యాహ్నానికి ముప్పై మంది, కార్లు దారి మీదే పెట్టేశారు. ఆ దారి అంబులెన్స్‌ది. కౌన్సిల్ వాళ్ళకి ఎవరో ఒక్కరు ఫిర్యాదు చేస్తే చాలు, ఆ సర్క్యూట్‌కి ఈ సంవత్సరం మిగిలిన రేసులు కూడా పోతాయి. ఎన్ని తంటాలు పడి మొదలుపెట్టారో మీకు తెలియదు.

కంచె_పక్కన · 11 ఆగస్టు 2020

అంబులెన్స్ దారి అని నాకు నిజంగా తెలియదు. మా వాళ్ళెవరూ అక్కడ కార్లు పెట్టలేదు, నడిచే వెళ్ళాం. కానీ మీరు చెప్పింది అర్థమైంది, ఇంక వెళ్ళను.

ఎంఎక్స్5_మురళి · 12 ఆగస్టు 2020

@మూడోగేరు డ్రైవర్ వైపు నుంచి చెప్తాను. కోపం తెచ్చుకోవద్దు.

క్లబ్ రేసు నడిచేది ప్రేక్షకుల డబ్బుతో కాదు. ఒక వారాంతానికి మేం ఒక్కొక్కరం కొన్ని వందల పౌండ్లు ఎంట్రీ ఫీజు కడతాం, ఆ డబ్బుతో క్లబ్బు సర్క్యూట్‌ని అద్దెకి తీసుకుంటుంది. డాక్టరు, అంబులెన్సు, రికవరీ బండ్లు, టైమింగ్ ఖర్చు అంతా అందులోంచే. గేటు దగ్గర వచ్చే టికెట్ డబ్బులు సర్క్యూట్‌కి అదనం, అంతే. అందుకే ప్రేక్షకులు లేకపోయినా జూలైలో మొదలుపెట్టగలిగారు. ఫుట్‌బాల్ చిన్న లీగుల వాళ్ళకి ఆ అవకాశం లేదు, వాళ్ళకి గేటు డబ్బే తిండి.

లోపల ఎలా ఉందని అడిగారు కదా. నాతో ఇద్దరికే అనుమతి, పేర్లు ముందే పంపాలి. సంతకాలన్నీ ఇంటి దగ్గర్నుంచే ఆన్‌లైన్‌లో పెట్టాలి. ఇదివరకు కారుని వరసలో నిలబెడితే స్క్రూటినీర్ (కారు తనిఖీ చేసే అధికారి) వచ్చి బెల్టులు, సీటు, మంటలార్పే సిలిండరు అన్నీ పట్టుకుని చూసేవాడు. ఇప్పుడు కారు అంతా సరిగ్గా ఉందని మేమే రాసి ఇస్తున్నాం, ఆయన దూరం నుంచి అక్కడక్కడా చూస్తాడు. డ్రైవర్ల మీటింగ్ వీడియోలో. పోడియం లేదు, కప్పు బల్ల మీద పెట్టి పక్కకి వెళ్తారు, మనమే తీసుకోవాలి. నేను జీవితంలో మొదటిసారి మూడో స్థానంలో వచ్చింది జూలైలోనే. చప్పట్లు కొట్టింది మా బావమరిది ఒక్కడే.

మూడోగేరు · 12 ఆగస్టు 2020

@ఎంఎక్స్5_మురళి కోపం ఎందుకు వస్తుంది, మూడో స్థానానికి ముందు అభినందనలు. నేను ఉంటే గట్టిగా కొట్టేవాణ్ణి.

కానీ మీరు చెప్పిన లెక్కే నా బాధకి మూలం. మేం లేకపోయినా నడుస్తుంది కాబట్టి మమ్మల్ని చివరికి పెట్టారు. డబ్బు లెక్కలో మేం ఎక్కడా లేం, నిజమే. మరి క్లబ్ రేసుకి ప్రేక్షకుడు ఎందుకు? ఏ వానలోనో అరవై ఏళ్ళ పెద్దాయన ఫార్ములా ఫోర్డ్ 1600 బండిని (ఒకే సీటున్న చిన్న రేసు కారు) బ్రాండ్స్ హ్యాచ్ సర్క్యూట్‌లో పాడక్ హిల్ మలుపులో తిప్పుతుంటే అది చూడడానికి ఇరవై మందైనా అక్కడ నిలబడి ఉన్నారంటే, ఆయన చేస్తున్న పనికి ఒక విలువ ఇచ్చినట్టు. 1967లో బ్రాండ్స్ హ్యాచ్‌లోనే ఫార్ములా ఫోర్డ్ మొదలైంది, రెక్కలు లేవు, వెడల్పు టైర్లు లేవు, ముందు కారు గాలిని చీలిస్తే దాని వెనకే అతుక్కుని వెళ్తూ చివరి మలుపు దాకా ఎవరు గెలుస్తారో తెలియదు. అలాంటి రేసు ఎవరూ చూడకుండా జరిగిపోతుంటే నాకు ఏదో పోగొట్టుకున్నట్టు ఉంటుంది.

చిట్టి_సీ1 · 12 ఆగస్టు 2020

మా బ్యాచ్ సిట్రోయెన్ సీ1 రేసుల్లో నడుపుతాం, నలుగురు డ్రైవర్లు ఒకే కారు. ఇప్పుడు డ్రైవర్ మారినప్పుడల్లా స్టీరింగ్, గేర్ రాడ్డు, బెల్టు బకిల్ తుడవాలి. లీటరు ఇంజను బండి అది, పిట్‌లో (మధ్యలో కారు ఆపే చోట) పోయే ప్రతి సెకను తిరిగి సంపాదించడానికి గంట పడుతుంది. అయినా తుడుస్తున్నాం.

పిట్‌వాల్_పద్మ · 13 ఆగస్టు 2020

నేను ఐసీయూ నర్సుని. మా ఆయన పాత ఎంజీ కారుతో రేసులు చేస్తారు, పెళ్ళయ్యాక నాకూ అలవాటైంది. రెండు వైపులా చూసినదాన్ని కాబట్టి రాస్తున్నాను.

ట్రాక్ పక్కన డాక్టరు, అంబులెన్సు సిద్ధంగా లేకపోతే ఏ రేసూ మొదలుపెట్టరు. మార్చిలో ఆపేసినప్పుడు అసలు కారణాల్లో అదొకటి. ఏప్రిల్‌లో మా యూనిట్‌లో ఆపరేషన్ థియేటర్‌లో కూడా వెంటిలేటర్లు పెట్టాం. అలాంటప్పుడు ఎవరో సరదాగా రేసు చేస్తూ కాలు విరగ్గొట్టుకుని వస్తే ఆ మంచం ఎక్కడినుంచి తేవాలి? కాబట్టి @మూడోగేరు గారూ, హోటల్‌తో పోలిక సరికాదనుకుంటాను. హోటల్ తెరిచారు కాబట్టి ఇది కూడా తెరవాలి అనడం కంటే, హోటల్ తెరవడమే తొందరపాటు అని నాలాంటివాళ్ళకి అనిపిస్తోంది.

ఇంకో విషయం. గట్టు మీద ఎడంగా నిలబడడం మీరు చెప్పినట్టు ప్రమాదం కాదు. ప్రమాదం టాయిలెట్ల దగ్గర వరస, టీ బండి దగ్గర వరస, ప్యాడక్‌లో (కార్లు, జట్లు ఉండే ఆవరణలో) ఇరుకు. వాన పడితే అందరూ ఒకే రేకు కిందకి చేరతారు. ఆ మూడు చోట్లా ఏం చేయాలో తేలేవరకు గేటు మూసి ఉంచితే నేను తప్పు పట్టను.

మూడోగేరు · 13 ఆగస్టు 2020

@పిట్‌వాల్_పద్మ అక్కా, మీ మాట ముందు నా దగ్గర జవాబు లేదు. హోటల్ పోలిక వెనక్కి తీసుకుంటున్నాను. వాన, రేకు సంగతి నాకు తట్టనేలేదు, ఈ దేశంలో అదే మొదట తట్టాలి.

"ఏ డ్రైవర్ తాలూకు" అన్న మాట మాత్రం ఇంకా గుచ్చుకుంటోంది.

కేడ్వెల్_రాజు · 15 ఆగస్టు 2020

నేను పోయిన ఆదివారం లోపలికి వెళ్ళి చూశాను. ఏ సర్క్యూట్ అని చెప్పను, ఇప్పటికే అక్కడ టికెట్లు దొరకడం లేదు, మీరంతా పడితే నాకు ఇంకోసారి దొరకవు 🙂

ఎలా ఉందంటే: ముందే ఆన్‌లైన్‌లో కొనాలి, గేటు దగ్గర నగదు తీసుకోరు. ఫోన్‌లో కోడ్ చూపిస్తే అద్దం దించకుండానే స్కాన్ చేశారు. కారు పక్కనే నిలబడి చూడమన్నారు, రెండు కార్ల మధ్య ఒక కారు ఖాళీ వదిలారు. ప్యాడక్‌కి తాడు కట్టేశారు. ప్రోగ్రాం పుస్తకం అమ్మలేదు, పీడీఎఫ్ ఫోన్‌లో దింపుకోవాలి. నాకు 1990ల నుంచి ఉన్న పుస్తకాలన్నీ అట్టపెట్టెల్లో ఉన్నాయి, ప్రతి దానిలో పెన్సిల్‌తో ఫలితాలు రాసుకున్నాను. ఈ ఏడాది ఆ వరసలో ఖాళీ ఉంటుంది. ఇంటికొచ్చి ఆ పీడీఎఫ్ ప్రింట్ తీసి, కుట్టి, పెన్సిల్‌తో రాసి పెట్టుకున్నాను.

రేసులు మాత్రం అద్భుతం. నాలుగు నెలలు ఆగి వచ్చారు కదా, ప్రతి గ్రిడ్డూ (రేసు మొదట్లో కార్లు నిలబడే వరసలు) నిండిపోయింది. మొదటి మలుపులోనే అందరికీ అంత ఆత్రం.

ఎంఎక్స్5_మురళి · 15 ఆగస్టు 2020

ఆ ఆత్రం వల్లే జూలై మొదటి వారాంతంలో మా రేసు రెండుసార్లు ఎర్ర జెండాతో ఆగింది. నాలుగు నెలలు కంప్యూటర్‌లో సిమ్ రేసులు ఆడి వచ్చాం. అక్కడ గుద్దితే బటన్ నొక్కి మళ్ళీ మొదలుపెట్టొచ్చు.

ఆరెంజ్_సూట్ · 16 ఆగస్టు 2020

ఆ రెండు ఎర్ర జెండాల వెనక మేం ఉన్నాం. ఇదివరకు కారు గోడకి తగిలితే పరుగెత్తుకెళ్ళి డ్రైవర్ చెయ్యి పట్టుకుని బయటికి తీసేవాళ్ళం. ఇప్పుడు ముందు దూరం నుంచి బొటనవేలు చూపించి అడగాలి, తనంతట తాను దిగగలిగితే దిగనివ్వాలి. మొదటిసారి అలా ఆగి నిలబడినప్పుడు నా కాళ్ళు ఆగలేదు, ఒళ్ళంతా ముందుకే వెళ్తోంది.

@మూడోగేరు నీకో మాట. లోపలికి రావడానికి ఒక దారి ఉంది, మార్షల్‌గా రా. ఇక్కడి రేసుల పాలక సంస్థ మోటర్‌స్పోర్ట్ యూకేలో పేరు నమోదు చేసుకోవడానికి ఫీజు లేదు, మొదటి శిక్షణ ఆన్‌లైన్‌లోనే అవుతుంది. మా దగ్గర పెద్ద వయసువాళ్ళు ఎక్కువ, చాలామంది ఆరోగ్య భయంతో ఈ ఏడాది రావడం లేదు. పోస్టుకి సరిపడా మనుషులు లేకపోతే రేసు మొదలవ్వదు. ఎవరి తాలూకు అని అడిగితే ట్రాక్ తాలూకు అని చెప్పొచ్చు.

మూడోగేరు · 16 ఆగస్టు 2020

ట్రాక్ తాలూకు. ఈ మాట బాగుంది అన్నా. ఆలోచిస్తాను, నిజంగానే. ఒక్కటే సందేహం, పోస్టు మీద ఉంటే రేసు చూడగలమా?

ఆరెంజ్_సూట్ · 16 ఆగస్టు 2020

నిజం చెప్పాలంటే రేసు చూడలేం, మన మలుపు చూస్తాం. జెండాల దగ్గర ఉన్న ఇద్దరిలో ఒకడు రాబోయే కార్ల వైపు చూస్తే, జతగాడు వెళ్ళిపోయిన కార్ల వైపు చూస్తాడు. ఎవరు గెలిచారో సాయంత్రం అడిగి తెలుసుకోవాలి. కానీ నీకు ఎనిమిది గజాల దూరంలో ఒక కేటర్‌హామ్ (తేలికపాటి చిన్న స్పోర్ట్స్ కారు) వెనక చక్రాలు జారిపోతుంటే డ్రైవర్ చేతులు ఎలా తిరుగుతున్నాయో కనిపిస్తుంది. ఆ దూరం టికెట్ కొంటే దొరకదు.

లైవ్_టైమింగ్_లత · 18 ఆగస్టు 2020

ఇంట్లో కూర్చునేవాళ్ళకి: టీఎస్ఎల్ లైవ్ టైమింగ్ పేజీ తెరిచి పెట్టుకోండి, ప్రతి ల్యాపు (ట్రాక్ మీద ఒక చుట్టు), అందులో ప్రతి సెక్టారు (ఒక భాగం) సమయం వస్తుంది. చాలా క్లబ్బులు ఈ ఏడాది యూట్యూబ్‌లో లైవ్ ఇస్తున్నాయి, ఇదివరకు ఇంతగా లేదు. కెమెరాలు రెండో మూడో ఉంటాయి, అసలు పోరు పదకొండో స్థానానికి జరుగుతుంటే అవి మొదటి స్థానం వెంటే తిరుగుతాయి. అప్పుడు టైమింగ్ అంకెలు చూసి నేనే ఊహించుకుంటాను. ఇద్దరి మధ్య తేడా సెకన్లలో 0.9, 0.6, 0.2... అలా తగ్గుతుంటే గుండె కొట్టుకోవడం నాకు వినిపిస్తుంది. మా అమ్మ హైదరాబాద్ నుంచి వీడియో కాల్‌లో "అంకెలు చూసి అరుస్తావేంటే" అంటుంది.

షోలవరం_బాబాయ్ · 20 ఆగస్టు 2020

నేను నెల్లూరు వాణ్ణి, మా అబ్బాయి దగ్గరికి ఫిబ్రవరిలో వచ్చాను, విమానాలు ఆగిపోయి ఇక్కడే ఉండిపోయాను. మీ మాటలు చదువుతుంటే పాత రోజులు గుర్తుకొచ్చాయి.

మేం కుర్రాళ్ళుగా ఉన్నప్పుడు మద్రాసు దగ్గర షోలవరంలో రేసులు జరిగేవి. యుద్ధకాలం నాటి విమానాల రన్‌వే అది, మద్రాస్ మోటర్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్ళు నడిపేవారు. నెల్లూరు నుంచి మద్రాసు వెళ్ళే గ్రాండ్ నార్దర్న్ ట్రంక్ రోడ్డు మీదే ఉంది కాబట్టి మా వైపు వాళ్ళం బస్సు పట్టుకుని దిగిపోయేవాళ్ళం. నీడ అన్నది ఉండేది కాదు. తలకి తువ్వాలు చుట్టుకుని, గడ్డిమోపుల వెనక నిలబడి చూసేవాళ్ళం. 1990 ప్రాంతంలో ఇరుంగాట్టుకోట్టైలో పక్కా ట్రాక్ వచ్చాక షోలవరం కథ ముగిసింది.

ఇక్కడికొచ్చాక తెలిసింది, సిల్వర్‌స్టోన్, థ్రక్స్‌టన్, స్నెటర్టన్, కాసిల్ కూంబ్, క్రాఫ్ట్ ఇవన్నీ కూడా యుద్ధకాలపు విమానాశ్రయాలేనట. యుద్ధం అయిపోయాక ఖాళీగా పడి ఉన్న రన్‌వేల మీద అక్కడా ఇక్కడా కూడా మనుషులకి ఒకే ఆలోచన వచ్చింది. ఈ జబ్బు కూడా అయిపోతుంది బాబూ. నేను ఊరికి వెళ్ళేలోపు ఒక్కసారి చూడాలని ఉంది. 74 ఏళ్ళు నాకు, మా కోడలు ఒప్పుకోవడం లేదు.

పిట్‌వాల్_పద్మ · 20 ఆగస్టు 2020

బాబాయ్ గారూ, మీ కోడలి మాటే వినండి. వచ్చే ఏడాది మా ఆయన కారు దగ్గర మీకు కుర్చీ వేస్తాం.

వేల్స్_వెంకట్ · 2 సెప్టెంబర్ 2020

మా పరిస్థితి కూడా వినండి. కార్డిఫ్‌లో ఉంటాను, నాకు దగ్గర పెంబ్రే, నచ్చేది ఆంగ్లెసీ, సముద్రం పక్కన ట్రాక్. వేల్స్ రూల్స్ వేరు, ఇంగ్లండ్ రూల్స్ వేరు, స్కాట్లండ్‌లో నాక్‌హిల్ వాళ్ళవి మళ్ళీ వేరు. ఒకే ఛాంపియన్‌షిప్ క్యాలెండర్‌లో మూడు ప్రభుత్వాలు. క్లబ్ వాళ్ళు నాలుగుసార్లు క్యాలెండర్ మార్చారు, నేను నాలుగుసార్లు సెలవు మార్చాను, మా మేనేజర్ ఇప్పుడు నన్ను చూడగానే డైరీ తీస్తోంది.

కేడ్వెల్_రాజు · 24 సెప్టెంబర్ 2020

14 నుంచి ఆరుగురికి మించి కలవకూడదన్నారు. అక్టోబర్ 1 నుంచి స్టేడియంలకి జనాన్ని రానిస్తామన్న మాట కూడా 22న వెనక్కి తీసుకున్నారు. నా దగ్గర అక్టోబర్‌కి రెండు టికెట్లు ఉన్నాయి. ఏమవుతుందో చూడాలి, టెన్షన్‌గా ఉంది.

కంచె_పక్కన · 25 సెప్టెంబర్ 2020

నేను ఒక సర్క్యూట్ వాళ్ళ నుంచి డబ్బు వాపసు కోసం ఆరు వారాలుగా తిరుగుతున్నాను. వోచర్ ఇస్తామంటారు, దాని గడువు వచ్చే మార్చి. మార్చిలో తెరుస్తారని ఎవరు హామీ ఇస్తారు? ఇంకో సర్క్యూట్ వాళ్ళు మాత్రం రద్దయిన మూడో రోజే మొత్తం డబ్బు వేసేశారు. ఒకే పని ఇద్దరు ఇలా చేయొచ్చా?

చిట్టి_సీ1 · 25 సెప్టెంబర్ 2020

కార్డుతో కట్టావా? అయితే బ్యాంకుకి రాయి, ఛార్జ్‌బ్యాక్ (కార్డుతో కట్టిన డబ్బు బ్యాంకు ద్వారా వెనక్కి రప్పించడం) అడుగు. రద్దయిన కార్యక్రమానికి వోచర్ తీసుకునే తీరాలని లేదు, డబ్బే అడగొచ్చు.

మూడోగేరు · 18 అక్టోబర్ 2020

ఈ వారాంతం గుడ్‌వుడ్ స్పీడ్‌వీక్ ఇంటర్నెట్‌లో చూశారా? మామూలుగా ఆ ట్రాక్ మీద పాత దుస్తులు వేసుకుని వేల మంది తిరుగుతారు. ఈసారి ఒక్క ప్రేక్షకుడు లేడు. కార్లు అవే, కెమెరాలు ఎప్పటికంటే బాగున్నాయి. చికేన్ (వేగం తగ్గించే మెలిక మలుపు) దగ్గర రెండు కార్లు పక్కపక్కన జారుతూ వెళ్తే కామెంటేటర్ అరిచాడు, ఆ తరువాత నిశ్శబ్దం. అక్కడ "ఓఁ..." అని జనం అనే ఒక శబ్దం ఉండాలి. అది మేం చేసే శబ్దం.

ఇంకో కబురు, మార్షల్ శిక్షణ మొదటి భాగం పూర్తి చేశాను. @ఆరెంజ్_సూట్ అన్నా, పేరు నమోదైంది.

ఆరెంజ్_సూట్ · 18 అక్టోబర్ 2020

శభాష్. చలికి రెండు జతల సాక్సులు, మంచి బూట్లు కొనుక్కో. నైలాన్ బట్టలు వేసుకోకూడదు, మంట తగిలితే ఒంటికి అంటుకుంటాయి. లోపల నూలు బట్టలే.

కేడ్వెల్_రాజు · 1 నవంబర్ 2020

నిన్న సాయంత్రం చెప్పేశారు, 5 నుంచి మళ్ళీ లాక్‌డౌన్. వేల్స్‌లో 23 నుంచే ఉంది, పాపం వెంకట్. అక్టోబర్‌లో నా రెండు టికెట్లలో ఒకటి దక్కింది. వాన, బురద, ఆఖరి రేసుకి హెడ్‌లైట్లు వేసుకున్నారు. కారులోంచి దిగి తలుపు పక్కనే నిలబడి తడిశాను. ఇంటికి వెళ్ళేటప్పుడు గేటు దగ్గర అమ్మాయి మాస్కు వెనకనుంచి "మార్చిలో కలుద్దాం" అంది.

షోలవరం_బాబాయ్ · 9 జనవరి 2021

ఇంకా ఇక్కడే ఉన్నాను. మళ్ళీ లాక్‌డౌన్. టీకా మొదటి డోసు కోసం ఎదురుచూస్తున్నాను. అబ్బాయి యూట్యూబ్‌లో పాత రేసులు పెడుతున్నాడు. కేడ్వెల్ పార్క్‌లో మౌంటెన్ అనే ఎత్తు మీద చక్రాలు నేల వదిలేస్తున్నాయి. అది నిజమేనా, కెమెరా మాయా?

కేడ్వెల్_రాజు · 9 జనవరి 2021

నిజమే బాబాయ్ గారూ. కొన్ని కార్లకి ముందు చక్రాలు లేస్తాయి, బైకులైతే రెండు చక్రాలూ లేచిపోతాయి. పక్కన నిలబడితే ఇంజను గొంతు ఒక్క క్షణం మారుతుంది, నేల పట్టు వదిలిన శబ్దం అది. కెమెరాలో ఆ తేడా తెలియదు.

పిట్‌వాల్_పద్మ · 30 మార్చి 2021

నిన్నటి నుంచి బయట ఆడే ఆటలకి అనుమతి వచ్చింది, ప్రేక్షకులకి ఇంకా లేదు. మా ఆయన కారు కవర్ తీశారు. జనవరి గురించి నేను ఇక్కడ రాయలేను. నిన్న గరాజ్‌లో ఆ ఇంజను స్టార్ట్ చేస్తే బయటికెళ్ళి ఏడ్చాను, అంతే చెప్పగలను. ఆ వాసన, ఆ శబ్దం, అన్నీ మామూలుగా ఉన్న కాలానివి.

మూడోగేరు · 30 మార్చి 2021

అక్కా, మీరు విశ్రాంతి తీసుకోండి. ఆగస్టులో నేను రాసిన మొదటి పోస్టు ఇప్పుడు చదివితే తలదించుకోవాలనిపిస్తోంది.

పిట్‌వాల్_పద్మ · 31 మార్చి 2021

అలా అనకు తమ్ముడూ. ఎవరికి ఏది ఊపిరో అది దొరకనప్పుడు అడగడంలో తప్పు లేదు. నాకు ఆ నెలల్లో వార్డు నుంచి వచ్చి నిద్ర పట్టకపోతే ఈ చర్చే చదివేదాన్ని.

లైవ్_టైమింగ్_లత · 11 మే 2021

17 నుంచి ఇంగ్లండ్‌లో ప్రేక్షకులు వెళ్ళొచ్చు! బయట జరిగేవాటికి 4,000 మంది లేదా సామర్థ్యంలో సగం, ఏది తక్కువైతే అది. క్లబ్ రేసుకి 4,000 అంటే నిండినట్టే. టికెట్లు మాత్రం ముందే కొనాలి.

మూడోగేరు · 24 మే 2021

వెళ్ళాను.

బ్రాండ్స్ హ్యాచ్, చిన్న ఇండీ సర్క్యూట్. మార్షల్ డ్యూటీకి కాదు, అది ఏప్రిల్‌లో రెండుసార్లు చేశాను, దాని గురించి విడిగా రాస్తాను. ఇది టికెట్ కొనుక్కుని. గేటు దగ్గర ఫోన్ చూపించాను, ఎవరి తాలూకు అని ఎవరూ అడగలేదు.

ఈ మే నెలంతా వానే కదా, నిన్న కూడా పొద్దున నుంచి పడుతోంది. పాడక్ హిల్ పక్కన గట్టు మీద నిలబడ్డాను. తెలియనివాళ్ళకి చెప్తాను, ఆ ట్రాక్ ఒక గిన్నెలా ఉంటుంది, గట్టు మీద నిలబడితే దాదాపు ల్యాపు మొత్తం కనిపిస్తుంది. 1.2 మైళ్ళు, నిమిషం లోపే మళ్ళీ నీ ముందుకి వస్తారు. పాడక్ హిల్ దగ్గర కారు మలుపులోకి తిరిగేటప్పుడు డ్రైవర్‌కి కింద రోడ్డు కనిపించదు, తిరిగాక నేల ఒక్కసారిగా పడిపోతుంది, ఆ పల్లంలోంచి వెంటనే తరువాతి మలుపు డ్రూయిడ్స్ దాకా ఎక్కాలి. తడి రోడ్డు మీద ఫార్ములా ఫోర్డులు పద్దెనిమిది ఒకేసారి ఆ పల్లంలోకి దిగాయి. నీళ్ళ పొగలో వెనక ఎర్ర లైట్లు తప్ప ఏమీ కనిపించలేదు. మూడో వరసలో ఒకడు జారాడు, పూర్తిగా ఒక చుట్టు తిరిగాడు, ఎవరూ తగల్లేదు, ఇంజను ఆగలేదు, మళ్ళీ గేరు వేసుకుని వెళ్ళిపోయాడు. గట్టు మీద ఉన్నవాళ్ళందరం "ఓఁ..." అన్నాం.

ఆ శబ్దం విని పక్కన నిలబడిన ముసలాయన నా వైపు చూసి నవ్వాడు. రెండు మీటర్ల దూరంలోనే ఉన్నాడు, మాస్కు గడ్డం కింద ఉంది. "నాలుగు వందల రోజులు దాటాయి" అన్నాడు. ఆయన లెక్కపెట్టుకున్నాడట.

ప్యాడక్ ఇంకా తెరవలేదు. తాడు ఇవతల నుంచే @ఎంఎక్స్5_మురళి గారిని చూశాను, చెయ్యి ఊపాను, హెల్మెట్‌లో ఉన్నారు, నన్ను గుర్తుపట్టి ఉండరు.

ఎంఎక్స్5_మురళి · 24 మే 2021

నల్ల గొడుగు, పసుపు జాకెట్టు మీరేనా? ఫార్మేషన్ ల్యాపులో (రేసుకి ముందు నెమ్మదిగా తిరిగే చుట్టులో) గట్టు మీద జనాన్ని చూశాను. హెల్మెట్ లోపల ఏదో అన్నాను, ఏమన్నానో గుర్తులేదు. తొమ్మిదో స్థానం వచ్చింది, దిగాక ఎవరో తాడు అవతల చప్పట్లు కొట్టారు.

మూడోగేరు · 24 మే 2021

పసుపు జాకెట్టు నాదే. చప్పట్లు కూడా.

వేల్స్_వెంకట్ · 25 మే 2021

మాకు వేల్స్‌లో ప్రేక్షకులకి అనుమతి ఇంకా పూర్తిగా రాలేదు. కానీ ఇంగ్లండ్‌లోకి రావచ్చు కాబట్టి వస్తున్నాను. ఎక్కడ, ఎప్పుడు?

షోలవరం_బాబాయ్ · 25 మే 2021

రెండో డోసు అయింది. మా కోడలు ఒప్పుకుంది, తనే కారు నడుపుతానంది. నాకు ఎక్కువసేపు నిలబడడం కుదరదు. కుర్చీ తెచ్చుకోవచ్చా?

కేడ్వెల్_రాజు · 25 మే 2021

తెచ్చుకోవచ్చు బాబాయ్ గారూ, మడత కుర్చీ, కాళ్ళు వెడల్పుగా ఉన్నది, సన్న కాళ్ళయితే బురదలో దిగిపోతాయి. మనవళ్ళని కూడా తీసుకురండి, చిన్న పిల్లలకి బ్రాండ్స్ హ్యాచ్‌లో టికెట్ కొనక్కర్లేదు.

ఆరెంజ్_సూట్ · 25 మే 2021

నేను ఆ రోజు డ్రూయిడ్స్ పోస్టులో ఉంటాను. జెండా పట్టుకున్నప్పుడు చెయ్యి ఊపలేను, మధ్యాహ్నం విరామంలో ఊపుతాను.

మూడోగేరు · 26 మే 2021

అయితే అందరికీ: క్వాలిఫయింగ్ (రేసులో ఎవరు ముందు నిలబడాలో తేల్చే పరుగు) 9 గంటలకి, గేటు 8కి తెరుస్తారు. టికెట్లు ఈ రాత్రే కొనండి. పాడక్ హిల్ దాటాక గట్టు మీద, పైనుంచి మూడో మెట్టు దగ్గర ఉంటాను. బాబాయ్ గారి కుర్చీకి చదునుగా ఉన్న చోటు అక్కడుంది, నేను ముందే వెళ్ళి పట్టుకుంటాను. గొడుగులు వద్దు, రెయిన్‌కోట్లు తెచ్చుకోండి, గొడుగు తెరిస్తే వెనకవాళ్ళకి డ్రూయిడ్స్ కనిపించదు.